సిమ్మన్సా, మంక్రెసా: ఎమ్మెస్సీ టోపాలజీకి ఏ పుస్తకం పట్టుకోవాలి

ఎమ్మెస్సీ క్లాసులు మొదలైన నెలా రెణ్ణెల్లకి ప్రతి ఏడాదీ నాకు ఇదే మెసేజ్ వస్తుంది: "అన్నా, టోపాలజీకి సిమ్మన్స్ కొనాలా, మంక్రెస్ కొనాలా?" కొంతమంది ఇంకాస్త ముందుకెళ్లి, పదకొండు పీడీఎఫ్‌లున్న ఫోల్డర్ పంపి ఇందులో బెస్ట్ ఏదో చెప్పమంటారు. ఆ ఫోల్డర్ చూడగానే తెలిసిపోతుంది, ఒక్కటి కూడా ఇరవయ్యో పేజీ దాటి ఉండదని.

ముందు జవాబు చెప్పేస్తాను, తీరికున్నవాళ్లు మిగతాది చదువుకోండి. ఎమ్మెస్సీ తర్వాత ఫంక్షనల్ అనాలిసిస్ వైపు మనసుంటే సిమ్మన్స్. జామెట్రీ, మానిఫోల్డ్స్, ఆల్జీబ్రాయిక్ టోపాలజీ వైపు వెళ్లాలనుంటే మంక్రెస్. నెట్, గేట్ రాయాలనుకుంటే కూడా మంక్రెసే, అదీ మొత్తం కాదు, మూడు చాప్టర్లు. మెట్రిక్ స్పేసులంటేనే (బిందువుల మధ్య దూరం కొలవగలిగే సెట్లు) ఇంకా భయంగా ఉంటే ఈ రెండూ పక్కనపెట్టి ముందు కుమరేశన్ రాసిన సన్నటి పుస్తకం. సెమిస్టర్ పరీక్ష గట్టెక్కితే చాలనుకుంటే సిలబస్ కాగితంలో ఏ పేరుంటే అదే చదవండి, మన దగ్గర చాలా చోట్ల అది సిమ్మన్సే అవుతుంది.

ఎటు వెళ్లాలో ఇంకా తెలీదంటారా? మొదటి సంవత్సరంలో ఎవరికీ తెలీదు. అప్పుడు కూడా మంక్రెసే అంటాను. ఎందుకో చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

మా పేపర్ సిమ్మన్స్ ప్రకారమే నడిచింది. సార్ బోర్డు నింపేవారు, మేం నోట్సు నింపేవాళ్లం. పరీక్షకి నెల ముందు ఇరవై ఇంపార్టెంట్ క్వశ్చన్ల జాబితా ఒకటి హాస్టల్లో చేతులు మారేది. ఉరిసోన్ లెమ్మా, టీట్జే, టైకోనాఫ్, అస్కోలీ, ఈ నాలుగూ కామాలతో సహా బట్టీ కొట్టాను, మార్కులూ బాగానే వచ్చాయి. తర్వాత ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఒకాయన బోర్డు మీద చిన్న గీత గీసి, "దీని రెండు కొసలూ అంటిస్తే సర్కిల్ వస్తుంది కదా, ఆ 'అంటించడం' అంటే ఏమిటో టోపాలజీ భాషలో చెప్పు" అన్నారు. నేను [0, 1) నుంచి సర్కిల్‌కి కొసైన్, సైన్లతో ఫంక్షన్ రాసి, ఇది కంటిన్యువస్, వన్-వన్, ఆన్‌టూ, కాబట్టి రెండూ హోమియోమార్ఫిక్, అంటే టోపాలజీ దృష్టిలో రెండూ ఒకటే అన్నాను. "ఇన్వర్స్ కూడా కంటిన్యువసేనా?" అని అడిగారాయన. ఏసీ గదిలో చెమటలు పట్టాయి. సర్కిల్ కంపాక్ట్, [0, 1) కాదు, ఇక హోమియోమార్ఫిజం ఎలా అవుతుంది? ఆ ఒక్క వాక్యం చాలు. కంపాక్ట్‌నెస్ మీద నాలుగు పేజీల జవాబు రాసొచ్చిన వాణ్ణి, ఆ వాక్యం నోటికి రాలేదు.

ఆయన అడిగిన 'అంటించడం' పేరు క్వోషెంట్ టోపాలజీ. [0, 1] తీసుకుని 0, 1 రెండిటినీ ఒకే బిందువుగా లెక్కేస్తే వచ్చేది సర్కిల్. కంపాక్ట్ స్పేస్ నుంచి హౌస్‌డార్ఫ్ స్పేస్‌కి వెళ్లే కంటిన్యువస్ బైజెక్షన్ దానంతటదే హోమియోమార్ఫిజం అవుతుందన్న థీరమ్‌తో రెండు లైన్లలో తేలిపోయే పని. ఇందులో సగం తప్పు నాది, బట్టీది. మిగతా సగం మాత్రం నేను ఏ పుస్తకం చదివాను, అందులో ఏది లేదు అన్నదానిది. సిమ్మన్స్‌లో క్వోషెంట్ టోపాలజీకి చోటు లేదు. ఆల్జీబ్రాయిక్ టోపాలజీకి తొలి మెట్టయిన ఫండమెంటల్ గ్రూప్ అసలే లేదు.

అలాగని సిమ్మన్స్‌ని తీసిపారేస్తే పాపం తగులుతుంది. 1963 నాటి ఆ పుస్తకం పేరే 'ఇంట్రడక్షన్ టు టోపాలజీ అండ్ మోడర్న్ అనాలిసిస్'. మూడు భాగాలు: టోపాలజీ, ఆపరేటర్లు, ఆపరేటర్ల ఆల్జీబ్రాలు. అంటే ఆయనకి టోపాలజీ దిగాల్సిన ఊరు కాదు, దారిలో బస్సు ఆగే ఊరు. బస్సు వెళ్లేది బనాక్ స్పేసులకి, హిల్బర్ట్ స్పేసులకి, అక్కణ్ణించి గెల్‌ఫాండ్-నైమార్క్ థీరమ్ దాకా. ఈ సంగతి పట్టుకుంటే ఆ పుస్తకంలో ఏది ఎందుకుందో, ఏది ఎందుకు లేదో మొత్తం అర్థమవుతుంది. అస్కోలీ థీరమ్, స్టోన్-వైర్‌స్ట్రాస్, స్టోన్-చెక్, కంటిన్యువస్ ఫంక్షన్ల స్పేసుల మీద అంత శ్రద్ధ, ఇవన్నీ ముందు రాబోయే అనాలిసిస్‌కి కట్టిన సద్దిమూట. గీతల కొసలు అంటించడం, గోళాలు మడవడం ఆ ప్రయాణంలో పనికిరావు కాబట్టి లేవు. మూడో సెమిస్టర్లో ఫంక్షనల్ అనాలిసిస్ ఉన్నవాళ్లకి ఒకే పుస్తకం రెండు పేపర్లకి పనికొస్తుంది, ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి, ఆయన ఇంగ్లీషు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన మా బ్యాచ్ వాళ్లు కూడా సిమ్మన్స్‌ని చదవగలిగారు. వాక్యాలు పొడవుగానే ఉంటాయి కానీ, ఎదురుగా కూర్చుని 'ఇప్పటిదాకా ఇది చేశాం, ఇక్కడ ఈ ఇబ్బంది వచ్చింది, అందుకని ఇది నిర్వచిస్తున్నాం' అని చెప్పే మాస్టారిలా ఉంటుంది. మెట్రిక్ స్పేసులకి ఒక పూర్తి చాప్టర్ ఇచ్చి, ఓపెన్ సెట్, క్లోజర్, బేర్ థీరమ్ అన్నీ దూరం అనే మాటతో చూపించి, ఆ తర్వాతే దూరం తీసేస్తే ఏం మిగులుతుందో చూద్దామంటూ టోపాలజికల్ స్పేస్‌లోకి దింపుతాడు. లోపం ఎక్కడంటే లెక్కల్లో. ఒక్కో సెక్షన్ చివర ఇచ్చేవి తక్కువ, వాటిలో చాలావరకు 'ప్రూవ్ దట్' రకమే, చేత్తో పట్టుకుని తిప్పి చూసుకునే వింత స్పేసులు తక్కువ. థీరమ్‌లన్నీ వచ్చి, ఒక్క ఉదాహరణ కూడా చేతిలో లేని నాలాంటి వాళ్లు తయారయ్యేది ఇలాగే.

మంక్రెస్ సరిగ్గా తిరగేసి వస్తాడు. ఎమ్‌ఐటీలో ప్రొఫెసర్‌గా పనిచేసినవాడు, పుస్తకం మొదటిసారి 1975లో వచ్చింది, ఇప్పుడు అందరి చేతుల్లో ఉండేది 2000 నాటి రెండో ఎడిషన్. 14 చాప్టర్లు: మొదటి 8 జనరల్ టోపాలజీ, మిగతా 6 ఆల్జీబ్రాయిక్ టోపాలజీ. టోపాలజీ నిర్వచనం, బేసిస్, ఆర్డర్ టోపాలజీ, ప్రోడక్ట్, సబ్‌స్పేస్ అన్నీ అయ్యాక గానీ మెట్రిక్ రాదు. మెట్రిక్ స్పేసులు ముందే రియల్ అనాలిసిస్ పేపర్లో చదివి ఉన్నవాళ్లకి ఇది హాయి. చదవనివాళ్లకి మాత్రం, టోపాలజీ నిర్వచనంలో ఉన్న ఆ మూడు రూల్సు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయో అర్థంకాని స్థితి. మంక్రెస్ మీద నాకున్న ఒక్క పెద్ద ఫిర్యాదు ఇదే: నిర్వచనం ముందు, ఎందుకో తర్వాత, కొన్నిసార్లు ఆ 'ఎందుకు' రానే రాదు.

కానీ వచ్చినచోట ఎలా వస్తుందో చూడండి. అనంతమైన ప్రోడక్ట్ తీసుకుందాం, రియల్ లైన్‌ని లెక్కపెట్టగలిగినన్ని సార్లు గుణిస్తే వచ్చే సీక్వెన్సుల స్పేస్. దీనికి ఓపెన్ సెట్లు ఏవి? మామూలుగా ఎవరికైనా తోచేది, ఒక్కో స్థానంలో ఒక్కో ఓపెన్ ఇంటర్వల్ పెట్టి పెట్టెలా కట్టేయడం. దాన్ని బాక్స్ టోపాలజీ అంటారు. ప్రోడక్ట్ టోపాలజీలో మాత్రం పరిమితంగా కొన్ని స్థానాల్లోనే ఆంక్ష, మిగతా అన్నిచోట్లా మొత్తం లైన్ వదిలేయాలి. ఎందుకీ వంకర రూలు? ఒక సంఖ్యని తీసుకుని అన్ని స్థానాల్లోనూ అదే పెట్టే ఫంక్షన్ తీసుకోండి, 5 ఇస్తే (5, 5, 5, …). ఇంతకంటే అమాయకమైన ఫంక్షన్ ఉండదు, కచ్చితంగా కంటిన్యువస్ కావాలి. ఇప్పుడు (−1, 1), (−1/2, 1/2), (−1/3, 1/3)… ఇలా సన్నబడుతూ పోయే పెట్టె తీసుకుని, దీనిలో పడే సంఖ్యలేవో వెనక్కి చూడండి. అన్ని ఇంటర్వల్స్‌లోనూ ఉండాలి కాబట్టి సున్నా ఒక్కటే. ఒంటరి సున్నా రియల్ లైన్‌లో ఓపెన్ సెట్ కాదు. బాక్స్ టోపాలజీలో అంత అమాయకమైన ఫంక్షన్ కూడా కంటిన్యువస్ కాకుండా పోయింది! ఈ ఉదాహరణ మంక్రెస్‌లో ప్రోడక్ట్ టోపాలజీ సెక్షన్లోనే ఉంది. ఒక్కసారి కాగితం మీద చేసుకున్నవాడు ప్రోడక్ట్ టోపాలజీ నిర్వచనం జన్మలో మర్చిపోడు.

అయితే మంక్రెస్‌కి ఒక గేటు దగ్గరే జనం చచ్చిపోతారు, మొదటి చాప్టర్. సెట్ థియరీ, లాజిక్ అని మొదలై వెల్-ఆర్డర్డ్ సెట్లు, యాక్సియమ్ ఆఫ్ చాయిస్ దాకా సాగుతుంది. పద్ధతిగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, అక్కడే నెలన్నర తిరిగి, ఇంకా టోపాలజీ అన్న మాట కూడా రాకముందే పుస్తకం అటక మీద పెట్టేసినవాళ్లు నాకు కనీసం నలుగురు తెలుసు. ఆ పని చేయకండి. కౌంటబుల్, అన్‌కౌంటబుల్ దాకా చూసుకుని, 9 నుంచి 11 సెక్షన్లు వదిలేసి, నేరుగా 12వ సెక్షన్‌కి వెళ్లిపోండి, టోపాలజీ అక్కడ మొదలవుతుంది. వెల్-ఆర్డర్డ్ సెట్లు తర్వాత కౌంటర్ ఎగ్జాంపుల్స్‌లో ఎదురైనప్పుడు, టైకోనాఫ్‌లో జార్న్ లెమ్మా కావాల్సి వచ్చినప్పుడు వెనక్కి రావచ్చు.

నెట్ సంగతికొద్దాం, నన్ను అడిగేవాళ్లలో సగంమందికి అసలు బాధ అదే. సీఎస్ఐఆర్ నెట్ సిలబస్‌లో టోపాలజీకి ఉన్నది ఒకటిన్నర లైను: బేసిస్, డెన్స్ సెట్లు, సబ్‌స్పేస్, ప్రోడక్ట్, సెపరేషన్ యాక్సియమ్స్, కనెక్టెడ్‌నెస్, కంపాక్ట్‌నెస్. మంక్రెస్ 2, 3, 4 చాప్టర్లతో ఇదంతా అయిపోతుంది. గేట్‌లో దీనికి తోడు ఆర్డర్ టోపాలజీ, క్వోషెంట్, ఉరిసోన్ లెమ్మా కూడా ఉన్నాయి, అవీ ఆ మూడింటిలోనే. నెట్ పార్ట్ సి లో ఒక్కో ప్రశ్నకి 4.75 మార్కులు, సరైన ఆప్షన్లన్నీ పెడితేనే వస్తాయి, ఒక్కటి వదిలేసినా సున్నా. అక్కడ ఉరిసోన్ లెమ్మా ప్రూఫ్ ఎవడూ అడగడు. కోఫైనైట్ టోపాలజీ ఇచ్చి కంపాక్టా, కనెక్టెడా, హౌస్‌డార్ఫా అంటాడు (రియల్ లైన్ మీదైతే అవును, అవును, కాదు). అంటే కావలసింది ఉదాహరణల మీద పట్టు.

దానికి నేను చెప్పే మందు ఒక చార్ట్ పేపర్. అడ్డంగా పది ధర్మాలు, నిలువుగా పన్నెండు స్పేసులు: డిస్క్రీట్, ఇన్‌డిస్క్రీట్, కోఫైనైట్, కోకౌంటబుల్, లోయర్ లిమిట్, దాని ప్రోడక్ట్, టోపాలజిస్ట్స్ సైన్ కర్వ్, బాక్స్ టోపాలజీలో సీక్వెన్సులు, ఇలా. ఒక్కో గడిలో అవును, కాదు అని రాసి ఊరుకోవద్దు, ఎందుకో ఒక్క లైను రాయాలి. లోయర్ లిమిట్ వరసలో నార్మల్ కింద అవును అని, దాని కిందే ప్రోడక్ట్ వరసలో కాదు అని రాయాల్సి వచ్చినప్పుడు చేయి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, రెండు నార్మల్ స్పేసుల ప్రోడక్ట్ నార్మల్ కానక్కర్లేదన్న సంగతి అక్కడ ఒంటబడుతుంది. సరిచూసుకోడానికి స్టీన్, సీబాక్ రాసిన 'కౌంటర్‌ఎగ్జాంపుల్స్ ఇన్ టోపాలజీ' ఉంది, 143 ఉదాహరణలు, 1970 నాటిది. అది చదివే పుస్తకం కాదు, డిక్షనరీ. ఆన్‌లైన్‌లో పై-బేస్ అనే ఉచిత డేటాబేస్ కూడా ఇదే పని చేస్తుంది, 'కనెక్టెడ్ కావాలి, పాత్ కనెక్టెడ్ కాకూడదు' అని వెతికితే స్పేసులు చూపిస్తుంది. గడులు ముందు మీరు నింపాకే తెరవండి, లేదంటే మళ్లీ బట్టీ.

ఇక మిగతా పేర్లు. కుమరేశన్ గారి 'టోపాలజీ ఆఫ్ మెట్రిక్ స్పేసెస్' సన్నటి పుస్తకం. ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు, 1993 నుంచి నడుస్తున్న ఎమ్‌టీటీఎస్ అనే లెక్కల సమ్మర్ క్యాంపులు ఆయన పుణ్యమే. పుస్తకం కూడా ఆ క్యాంపు క్లాసులాగే ఉంటుంది, చెప్పి వదిలేయడు, బొమ్మ గీయమంటాడు, నిన్నే చేయమంటాడు. డిగ్రీలో ఎప్సిలాన్-డెల్టా అరకొరగా వచ్చినవాళ్లు వేసవి సెలవుల్లో దీంతో నెలన్నర కూర్చుంటే, తర్వాత మంక్రెస్ మీద నేను చెప్పిన ఆ ఫిర్యాదు మీకు ఉండదు. నన్నడిగితే సిమ్మన్స్, మంక్రెస్ గొడవ కంటే దీన్ని ముందు చదవడమా మానడమా అన్నదే పెద్ద తేడా తెస్తుంది.

కె.డి. జోషి 'ఇంట్రడక్షన్ టు జనరల్ టోపాలజీ' 1983 నాటిది, మన దేశంలో మన విద్యార్థుల్ని చూసి రాసింది, 'ఇదెందుకు' అన్న ప్రశ్నకి మంక్రెస్ కంటే ఓపిగ్గా జవాబు చెప్తుంది. మంక్రెస్ పక్కన పెట్టుకోడానికి బావుంటుంది. కెల్లీ (1955), విలార్డ్ (1970), ఈ రెండూ నెట్లు, ఫిల్టర్లు (పరీక్ష నెట్ కాదు, సీక్వెన్సులు చాలనిచోట వాడే పనిముట్లు) సీరియస్‌గా కావాలనుకునేవాళ్లకి, మొదటి పుస్తకంగా వద్దు, సీనియర్ ఎంత గొప్పగా చెప్పినా వద్దు. ఆర్మ్‌స్ట్రాంగ్ 'బేసిక్ టోపాలజీ' అందరికంటే తమాషాగా మొదలవుతుంది, ఓపెన్ సెట్ నిర్వచనంతో కాదు, ఘనాలకి మూలలు, అంచులు, ముఖాలు లెక్కపెట్టే ఆయిలర్ సూత్రంతో. టోపాలజీ అంటే అసలు మనుషులకి ఎందుకు మోజు పుట్టిందో తెలియాలంటే ఆ మొదటి చాప్టర్ ఒక ఆదివారం చదవండి, పరీక్షకి పనికిరాకపోయినా సరే. మానిఫోల్డ్స్ వైపే వెళ్తానని తేల్చుకున్నవాళ్లకి మంక్రెస్ మూడో చాప్టర్ అయ్యాక జాన్ లీ పుస్తకం. డబ్బుల ఇబ్బందుంటే సిడ్నీ మోరిస్ 'టోపాలజీ వితౌట్ టియర్స్' రచయితే ఉచితంగా పెట్టాడు, హాచర్ కూడా తన సైట్‌లో పాయింట్-సెట్ టోపాలజీ నోట్సు, ఆల్జీబ్రాయిక్ టోపాలజీ పుస్తకం రెండూ ఉచితంగానే ఇచ్చాడు. దొంగ పీడీఎఫ్‌ల కోసం వెతుక్కోనక్కర్లేదు.

వీడియోలు? ఐఐటీల వీడియో పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో మంచి కోర్సులున్నాయి. చూడండి, కానీ ఒకటిన్నర స్పీడ్‌లో చూస్తూ బుర్ర ఊపుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఆ రోగం నాకూ ఉండేది. థీరమ్ వాక్యం రాగానే ఆపేసి ఓ పదినిమిషాలు కాగితం మీద కుస్తీ పట్టి, తర్వాత ప్లే నొక్కండి. గంట లెక్చర్‌కి మూడు గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

సిలబస్ సిమ్మన్స్, మనసు మంక్రెస్ అయినవాళ్లు ఏం చేయాలి? నేను జూనియర్లకి చెప్పేది ఇది. క్లాసులో సార్ సిమ్మన్స్ చెప్తుంటే వినండి, పరీక్షలో ఆ ప్రూఫులే రాయండి, మార్కుల దగ్గర సాహసాలొద్దు. అదే వారం అదే టాపిక్‌కి మంక్రెస్‌లో వెనక ఎక్సర్‌సైజుల్లోంచి ఐదు లెక్కలు చేయండి. ఐదంటే ఐదే, కానీ వారం వారం. సెమిస్టర్ సెలవుల్లో మంక్రెస్ 22వ సెక్షన్, క్వోషెంట్ టోపాలజీ, మీరే సొంతంగా చదువుకోండి. ఓపికుంటే 51 నుంచి మొదలయ్యే ఫండమెంటల్ గ్రూప్ కాస్త రుచి చూడండి. ఒక్కటి గమనించుకోండి, వరసలు కలవవు: సిమ్మన్స్‌లో కంపాక్ట్‌నెస్ ముందు, కనెక్టెడ్‌నెస్ చివర్లో, మంక్రెస్‌లో కనెక్టెడ్‌నెస్‌తోనే మూడో చాప్టర్ మొదలవుతుంది.

కొనేముందు ఒక పని. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, కోఠీ పాత పుస్తకాల షాపుల్లోనో రెండూ సెకండ్‌హ్యాండ్‌లో దొరికే అవకాశముంది, కానీ అంతకంటే ముందు డిపార్ట్‌మెంట్ లైబ్రరీకి వెళ్లి రెండూ ఒకే టేబుల్ మీద పెట్టి, రెండిట్లోనూ టైకోనాఫ్ థీరమ్ దగ్గర తెరవండి. మొదటిసారి అర్థం కాకపోయినా పర్లేదు, తీరు చూడండి. సిమ్మన్స్‌లో ప్రూఫ్ పొట్టిగా ముగుస్తుంది, ఎందుకంటే బరువంతా ముందే సబ్‌బేస్‌ల థీరమ్‌లో మోసేశాడు, ఇక్కడ ఊరికే చేయి చాస్తే పండు చేతిలో పడుతుంది. మంక్రెస్ ముందు మనందరికీ తోచే మామూలు ప్రయత్నం చేయిస్తాడు, ఒక్కో స్థానంలో ఒక్కో బిందువు ఎంచుకుందామని. ప్లేన్‌లో ఎలిప్స్‌లు తీసుకుని ఆ ప్రయత్నం ఎక్కడ బోల్తాపడుతుందో చూపిస్తాడు, ఆ తర్వాతే జార్న్ లెమ్మా బయటికి తీస్తాడు. రెండూ చదివి, పుస్తకాలు మూసేసి, మెస్‌కి వెళ్లి టీ తాగొచ్చి, ఏ ప్రూఫ్ ఎంతవరకు రాయగలరో ఒక కాగితం మీద పెట్టి చూసుకోండి. నాకు మంక్రెస్‌ది వచ్చింది, ఎలిప్స్‌ల దాకా. నా రూమ్మేట్‌కి సిమ్మన్స్‌ది వచ్చింది, వాడిప్పుడు ఆపరేటర్ ఆల్జీబ్రాల్లో పని చేసుకుంటున్నాడు.